మా ఫుట్‌బాల్ జట్టుకు పోలండ్ చరిత్ర

చరిత్ర అనేది రాజులకే ఉంటుందని మేం నమ్మిన రోజులవి. చంద్రపూర్ నుంచి బల్లార్‌పూర్ పోయే దారిలో మా బొగ్గు ఖదాన్ (గని) కాలనీ ఉండేది. అక్కడ ఎవరినైనా తాతముత్తాతల గురించి అడిగితే తాత పేరు చెప్పి, ముత్తాత దగ్గరికి వచ్చేసరికి దగ్గు తెచ్చుకునేవారు. మా తాత కరీంనగర్ వైపు నుంచి వచ్చాడా ఆదిలాబాద్ వైపు నుంచా అన్నది మా బాపుకూ ఆయన అన్న, మా పెద్దబాపుకూ మధ్య చివరిదాకా తేలలేదు (తేలకపోయినా ఇద్దరూ రోజూ గట్టిగానే వాదించుకునేవారు). దేశం తలుపులు తెరిచిందనీ, ఇకమీదట అంతా ప్రైవేటేననీ, ఫారిన్ యంత్రాలు వచ్చేస్తున్నాయనీ పేపర్లలో వచ్చేది. అప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. ఖదాన్ ఆఫీసులో టైపిస్టుగా కొత్తగా చేరాను. రెండు వేళ్లతో టైపు కొడుతూ, నా వేగం చూసి ఆఫీసంతా కుళ్లుకుంటోందని గట్టిగా నమ్మేవాణ్ణి.

తలుపులు తెరిచిన మాట నిజమేనని పోలండ్ సార్ వచ్చాక తెలిసింది. భూమి లోపల బొగ్గు కోసే కొత్త యంత్రం బిగించడానికి పోలండ్ నుంచి వచ్చిన ఇంజనీరు ఆయన. ఆరడుగుల మనిషి, మా ఎండకు మొదటి వారంలోనే ఉడికిన బీట్‌రూట్ రంగుకు తిరిగాడు. ఇంగ్లీషు బాగా వచ్చిన మా ఇంజనీర్లకు ఆయన మాట ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. మరాఠీ మీడియంలో చదివి, ఇంగ్లీషులో బొటాబొటిగా గట్టెక్కిన నాకు మాత్రం అంతా అర్థమయ్యేది. ఆయన క్రియాపదం మింగేస్తే నేను కర్తను మింగేసేవాణ్ణి. దొందూ దొందే కాబట్టి మా ఇద్దరికీ బాగా కుదిరింది. పెద్ద సాహెబు అది కనిపెట్టి, "ఈయన ఉన్నన్నాళ్లు నువ్వు వెంట ఉండు" అన్నాడు. నేను రాయబారినైపోయానని ఇంట్లో చెప్పుకున్నాను.

మధ్యాహ్నం టిఫిన్ డబ్బాలు తెరవగానే పోలండ్ సార్ సంచిలోంచి ఒక పాత పుస్తకం తీసేవాడు. అది వాళ్ల ఊరి ఫుట్‌బాల్ క్లబ్బు చరిత్ర. ఊరూ బొగ్గు ఊరే, ఆడేవాళ్లూ బొగ్గు తవ్వేవాళ్లే. పెద్ద క్లబ్బేమో అనుకున్నాను. కాదట. లీగు పోటీల్లో ఎప్పుడూ మూడో తరగతిలోనో నాలుగో తరగతిలోనో ఆడే క్లబ్బు. వాళ్ల మైదానం కింద గని తవ్వడంతో ఒక గోల్ వైపు నేల కుంగిపోయింది. అందుకని టాసు గెలిచినవాడు కళ్లు మూసుకుని పల్లం వైపే ఆడేవాడు. ఒకసారి షిఫ్టు దిగి నేరుగా మైదానానికి వచ్చిన పదకొండు మందికీ ముఖాలు నల్లగా ఉండి, ఎవరు ఎవరో రిఫరీ పోల్చుకోలేకపోయాడు. ఒకే ఒక్కసారి రెండో తరగతికి ఎక్కి, మరుసటి ఏడే దిగిపోతే, "మనవాళ్లు ఇంటికొచ్చేశారు" అని ఊరంతా బ్యాండుతో ఎదురెళ్లింది. ఇవన్నీ ఆయన చేతులతో, కాళ్లతో, నా పెరుగన్నం మీదికి వంగి మరీ చెప్పేవాడు.

"ఒక్క కప్పయినా గెలిచారా?" అని అడిగాను.

"లేదు."

"మరి ఇంత పుస్తకం ఎందుకు?"

"కప్పు గెలిస్తే కప్పు చూపించొచ్చు," అన్నాడు. "మాకు చూపించడానికి వేరే ఏముంది?"

మా కాలనీకి కూడా ఒక మైదానం, ఒక జట్టు ఉండేవి. జట్టు పుట్టి రెండేళ్లు. డంపర్ లారీ నడిపే మా కెప్టెన్ (అందరూ డంపర్ అన్న అనేవారు) నాగ్‌పూర్‌లో బంతి కొనుక్కొచ్చిన రోజే దాని పుట్టినరోజు. నేను అందులో పదమూడో ఆటగాణ్ణి. ఎవరికైనా కాలు బెణికితే పన్నెండోవాడు దిగేవాడు. వాడికీ బెణికితే మ్యాచ్ ఆపేసేవారు గాని నన్ను పిలిచేవారు కాదు. అయినా ఆ మైదానమంటే నాకు ప్రాణం. పగలంతా ఎవరి హోదా వాళ్లదిగా తిరిగే మనుషులు సాయంత్రం అక్కడ గీత పక్కన ఒకే తీరుగా గొంతు చించుకునేవారు. మా బాపు తన సూపర్‌వైజరును "కళ్లు కనపడ్తలేవా?" అని అరవగలిగిన చోటు అదొక్కటే.

ఎండాకాలం మొదట్లో ఒక సర్క్యులర్ వచ్చింది. ఖాళీ స్థలాలన్నీ ప్రైవేటు కాంట్రాక్టర్లకు లారీలు నిలుపుకోవడానికి ఇస్తారట. పాత క్లబ్బుల మైదానాలు మాత్రం వదిలేస్తారట, క్లబ్బు చరిత్ర రాసి ఇస్తే జనరల్ మేనేజర్ సాహెబు స్వయంగా వచ్చి విచారిస్తాడట. ఆ కాగితం టైపు కొట్టింది నేనే. మూడుసార్లు తప్పు కొట్టాను. ఆ సాయంత్రమే డంపర్ అన్న నా భుజం మీద చెయ్యేశాడు.

"తమ్మీ, నువ్వు ఇంగ్లీష్ల టైపు కొడ్తవ్ గద. జర మన క్లబ్బు చరిత్ర రాయ్."

"ఏం చరిత్ర అన్నా? మన క్లబ్బుకు పేరు గూడ లేదు."

"గందుకే నిన్ను రాయమంటున్న. ఉంటే నేనే రాస్తుంటి గద!"

ఇక నేనేం చేశానో మీరు ఊహించే ఉంటారు. పోలండ్ సార్ చెప్పినదంతా వరుసగా టైపు కొట్టాను. వాళ్ల ఊరి పేరు తీసి మా కాలనీ పేరు పెట్టాను. బీరు తీసి చాయ్ పెట్టాను. చర్చి గంటను షిఫ్టు సైరన్ చేశాను. కుంగిన నేలను అలాగే ఉంచాను (మా మైదానమూ కొంచెం వాలుగానే ఉండేది, అదృష్టం). ఒక్కచోట మాత్రం నా మనసు ఒప్పలేదు. ఆ పుస్తకంలో అందరికంటే ప్రసిద్ధమైన మ్యాచ్ ఒకటుంది, అందులో వాళ్లు ఏడు గోల్స్ తేడాతో చిత్తుగా ఓడిపోయారు. సాహెబు ముందు పెట్టే చరిత్రలో అంత ఓటమి ఏం బాగుంటుంది? రెండు ఒకటితో గెలిపించేశాను. గోల్‌కీపర్‌ను పొగుడుతూ నాలుగు వాక్యాలు అదనంగా కలిపాను. ఆ గెలుపు గొప్పగా రాయాలన్న ధ్యాసలో పడి, మిగతా వాక్యాలు చూసుకోలేదు.

విచారణ రోజు పొద్దున్నే మైదానంలో షామియానా వేశారు. మే నెల, ఎనిమిదింటికే కుర్చీల ఇనుప చేతులు ముట్టుకోలేకుండా ఉన్నాయి. ముందు వరుసలో జనరల్ మేనేజర్ సాహెబు, ఆయన పక్కన అతిథిగా పోలండ్ సార్. వెల్ఫేర్ ఆఫీసరు ఎంతో మర్యాదగా ఆయనకూ ఒక కార్బన్ కాపీ ఇచ్చాడు. పోలండ్ సార్ మొదటి పేజీ చదివి ఆగాడు. మళ్లీ మొదటినుంచి చదివాడు. తలెత్తి జనంలో నన్ను వెతకడం మొదలుపెట్టాడు. నేను డంపర్ అన్న వీపు వెనక్కి జరిగాను.

వెల్ఫేర్ ఆఫీసరు నా ఇంగ్లీషును హిందీలోకి మారుస్తూ చదువుతున్నాడు. కుంగిన నేల దగ్గర జనం తలలూపారు. నల్ల ముఖాల దగ్గర నవ్వారు. చదువుతూ చదువుతూ ఆయన గొంతు ఒక్కసారిగా తడబడింది. "ఆ చరిత్రాత్మకమైన రోజున, మైదానమంతా మోకాలి లోతు మంచు కప్పి ఉన్నప్పటికీ..."

నీళ్ల కుండ దగ్గర గ్లాసు పెట్టిన శబ్దం కూడా వినపడింది. చంద్రపూర్‌లో మంచు! జనరల్ మేనేజర్ సాహెబు రుమాలుతో మెడ తుడుచుకుంటూ, "మంచు?" అన్నాడు. మైదానం లారీల పాలైందనీ, నా ఉద్యోగం కూడా దాని వెంటే పోయిందనీ నాకు అర్థమైపోయింది.

అప్పుడు వెనక వరుసలోంచి మా పెద్దబాపు లేచాడు. ఉద్రేకంలో హిందీ మరిచిపోయి తెలుగులోనే అందుకున్నాడు. "పడ్డది సాబ్! ఎందుకు పడలే? గా ఏడు రాళ్లవాన గిట్ల మోకాలిదాక పడ్డది. నేను గోల్ ఎనకనే నిలబడ్డ. నా చెప్పులు గూడ దొర్కలే!"

ఆయన పక్కనున్న మరాఠీ కాకా కూడా లేచాడు. "హో సాహెబ్, ఖరం ఆహే! నిజమే! నేను గొడుగు పట్టుకుని చూసినా."

"గా రాళ్లకే మా బర్రె సచ్చింది సాబ్," అని ఇంకో ముసలాయన కళ్లొత్తుకున్నాడు. తర్వాత వాళ్లను ఆపడం ఎవరితరమూ కాలేదు. రెండో గోల్ ఎవరు కొట్టారన్న దాని మీద పెద్దబాపూ కాకా తగువుకు దిగారు. జనరల్ మేనేజర్ సాహెబు చివరికి పోలండ్ సార్ వైపు తిరిగాడు. "మీది మంచు దేశం కదా. మోకాలి లోతులో ఫుట్‌బాల్ ఆడడం సాధ్యమేనా?"

పోలండ్ సార్ నిలబడ్డాడు. కాగితం మడిచాడు. "సాధ్యం," అన్నాడు. "చాలా కష్టం. కానీ సాధ్యం. ఈ గోల్‌కీపర్... చాలా మంచి మనిషి."

సాహెబు పకపకా నవ్వాడు. "నా సర్వీసులో ఇంతమంది సాక్షులున్న చరిత్ర చూడలేదు," అంటూ సంతకం పెట్టేశాడు (ఆయనకు అంతా తెలిసే పెట్టాడని ఇప్పుడు అనిపిస్తుంది). మైదానం మాకే మిగిలింది. డంపర్ అన్న నన్ను ఎత్తి గిరగిరా తిప్పి కింద పడేశాడు. మా జట్టు చరిత్రలో ఆడకుండానే దెబ్బ తిన్న ఆటగాణ్ణి నేనొక్కణ్ణే.

మర్నాడు పోలండ్ సార్ గదికి వెళ్లి, "తప్పయింది సార్," అన్నాను. ఆయన పుస్తకం తెరిచి ఒక ఫోటో మీద వేలు పెట్టాడు. "ఈ గోల్‌కీపర్ మా నాన్న," అన్నాడు. "ఏడు గోల్స్ తిన్నవాడి కొడుకునని ఎవరు చెప్పుకుంటారు? అందుకే నీకు చెప్పలేదు. ఇప్పటికీ ఊళ్లో ఆయన్ను ఏడు అనే పిలుస్తారు." తర్వాత నవ్వి, "ఒక కాపీ శుభ్రంగా టైపు చేసి ఇవ్వు. క్లబ్బు స్టాంపు కూడా వెయ్యి," అన్నాడు. మాకు స్టాంపు లేదు. ఆఫీసుది వేశాను.

పోలండ్ సార్ వెళ్లిపోయే ముందు ఆయనకు ఇంటి నుంచి ఉత్తరం వచ్చింది. నా చరిత్రను వాళ్ల భాషలోకి మార్చి, గోల్‌కీపర్ పెద్దాయనకు నలుగురిలో చదివి వినిపించారట. ఆయన శ్రద్ధగా విని, రాసినవాడు ఎవడోగాని స్కోరు తప్పు రాశాడన్నాడట. రెండు ఒకటి కాదట, రెండు సున్నా అట. ఆ ఒక్క గోల్ కూడా తాను ఆపానని, తనకు బాగా గుర్తుందని అన్నాడట. మా పెద్దబాపుకు ఆ మాట చెబితే, "నిజమే, ఆపిండు. నేను చూసిన గద," అన్నాడు.

నాకు రిటైర్మెంటు దగ్గరపడింది. టైపు మిషన్లు పోయాయి, నా రెండు వేళ్ల వేగం చూసి కుళ్లుకునేవాళ్లూ పోయారు. మంచును ఇప్పటిదాకా కళ్లతో చూడలేదు. ఇక చూస్తానన్న ఆశ కూడా లేదు. ఆ ఇరవై రెండేళ్లవాడు మాత్రం మే నెల చంద్రపూర్‌లో దాంట్లోకి మోకాలి లోతున దిగి, ఎక్కడో ఓడిపోయిన ఒక ముసలాయన్ను గెలిపించి వచ్చాడు. వాణ్ణి తలచుకుంటే నాకు నవ్వొస్తుంది, కాస్త అసూయ కూడా.