పప్పు పూసిన రొట్టె

మా అత్తగారు వచ్చిన కొత్తలో ఆవిడ మీద నాకెంత చిరాకు వచ్చేదో చెబితే మీరు నన్ను మంచి కోడలు అనరు. పోనీ, అనకండి. పొద్దున్నే లేచి కూర, పప్పు, చారు, రోటిపచ్చడి అన్నీ నాకోసం చేసిపెట్టేది. తను మాత్రం స్టవ్ దగ్గరే నిలబడి, గిన్నెలోనే ఇంత పెరుగన్నం కలుపుకుని, రెండు ముద్దలు మింగి చెయ్యి కడిగేసుకునేది. "ఇంకొంచెం తినండి అత్తయ్యా" అంటే "చాలమ్మా, కడుపు నిండిపోయింది" అనేది. దేంతో నిండిందో నాకర్థమయ్యేది కాదు.

అప్పటికి మామగారు పోయి ఏడాది దాటింది. పాప పుట్టిందని ఆవిడని అమెరికాలో మేముండే ఊరు కమ్మింగ్‌కి రప్పించాం. రెండు వేల తొమ్మిది, ఎక్కడ చూసినా ఉద్యోగాలు ఊడిపోతున్న రోజులు. మా ఆయనకి ఇక్కడ ప్రాజెక్ట్ అయిపోయింది. ఎక్కడో ఉత్తరాన మంచు కురిసే నోవైలో కాంట్రాక్ట్ దొరికితే, చలికోటు ఒకటి కొనుక్కుని అక్కడికి వెళ్ళిపోయాడు. ఇంట్లో నేనూ, అత్తగారూ, చంటిపిల్లా. నేను నిశ్చింతగా ఆఫీస్‌కి వెళ్ళొస్తున్నానంటే అది ఆవిడ చలవే. అలాంటి మనిషి నా కళ్ళముందే చిక్కి సగమైపోతోంది. జాకెట్లు వదులైపోయి భుజాల మీంచి జారుతున్నాయి. "అమ్మ ఎలా ఉంది?" అని మా ఆయన ఫోన్లో అడిగితే బాగానే ఉందనేదాన్ని. బాగా లేదని ఇద్దరికీ తెలుసు. ఈవిడ ఇలాగే తినకుండా తినకుండా నా ఇంట్లోనే ఏమైనా అయిపోతుందేమోనని నాకు లోపల్లోపల చచ్చేంత భయంగా ఉండేది.

ఒక శనివారం పాపకి టీకా వేయించుకుని వస్తుంటే వాన పట్టుకుంది. ట్రాఫిక్ కదలదు, పాప ఏడుపు ఆపదు, నాకు ఆకలితో కళ్ళు తిరుగుతున్నాయి. కాయిన్ లాండ్రీకీ టైర్ల షాపుకీ మధ్య ఇరుక్కుని చిన్న హోటలు ఒకటి కనిపిస్తే కారు తిప్పేశాను. ఎల్ సాల్వడార్ దేశం వాళ్ళది. నాలుగు ప్లాస్టిక్ బల్లలు, గోడమీద మేరీమాత బొమ్మ, మూలన శబ్దం లేకుండా ఫుట్‌బాల్ చూపిస్తున్న టీవీ. కూచున్న వాళ్ళంతా రంగు మరకల బట్టల్లో ఉన్న పనివాళ్ళు. మా వైపు ఒకసారి చూసి మళ్ళీ ప్లేట్లలో తలలు పెట్టేశారు. ఇంత చవగ్గా కడుపు నిండే చోటు ఆ చుట్టుపక్కల ఇంకోటి లేదని తర్వాత తెలిసింది.

హోటలావిడకి మా అత్తగారి కంటే కాస్త తక్కువ వయసు ఉంటుంది. పొట్టిగా, గట్టిగా, నడుముకి ఏప్రన్ బిగించి ఉంది. నాకొచ్చిన స్పానిష్ అంతా కూడగట్టి "నో కార్నే, నో చికెన్, నో ఫిష్" అని వేళ్ళు మడిచి మరీ చెప్పాను. ఆవిడ తలాడించి "పుపూసా" అంది.

అత్తగారు టక్కున తలెత్తింది. "ఏవిటంటోందీ? పప్పు పూసా?"

"పుపూసా అత్తయ్యా. అదో రకం రొట్టె."

"అదే నేనూ అంటున్నది. పప్పు పూసిన రొట్టె."

వచ్చాక విప్పి చూస్తే నిజంగానే లోపల మెత్తగా మెదిపిన ఎర్రగింజల ముద్ద, కాస్త చీజ్. పైన మందంగా మొక్కజొన్న రొట్టె, పక్కన పుల్లగా ఊరిన క్యాబేజీ. పేరు తెలుగు, లోపల పప్పు, ఇంక ఆవిడకి అనుమానమేం ఉంటుంది! ఫోర్కులు ఇచ్చారు గానీ అక్కడ ఎవరూ ముట్టుకోవడం లేదు. అందరూ చేత్తో తుంచుకుని తింటున్నారు. అత్తగారు కూడా తుంచి, క్యాబేజీ నంజుకుని, ఒకటి మొత్తం తినేసింది. హోటలావిడ అడక్కుండానే ఇంకోటి వేడివేడిగా తెచ్చి వేసింది. వద్దంటుందనుకున్నాను. అనలేదు.

కార్లో ఆవిడే చెప్పింది. "మీ మామగారు తినేసి లేచేవారు కాదే. నేను కూచుంటే పక్కనే ఉండి నాకు వడ్డించేవారు. ఇంకోటి, ఇంకోటి అని ప్రాణం తీసేవారు." అంతే. ఇంటికి వచ్చేదాకా కిటికీలోంచి వాన చూస్తూ కూచుంది.

ఆ తర్వాత ప్రతి శనివారం మా మకాం అక్కడే. హోటలావిడ స్పానిష్‌లో, అత్తగారు తెలుగులో గంటలు గంటలు కబుర్లు చెప్పుకునేవారు. నన్ను ఒక్క మాటా అనువాదం చెయ్యమని అడిగిన పాపాన పోలేదు. హోటలావిడ పాపని చంకనెత్తుకుని బల్లల మధ్య తిప్పేది. ఇంట్లో కూడా ముద్దలు కొంచెం పెరిగాయి. "అమ్మ గొంతులో జీవం వచ్చిందే!" అన్నాడు మా ఆయన. నాకు గర్వంతో నేలమీద కాలు ఆనలేదు.

ఒకరోజు బేరం పల్చగా ఉంటే హోటలావిడ అత్తగారిని వంటింట్లోకి లాక్కెళ్ళి చేతిలో పిండిముద్ద పెట్టింది. అత్తగారు దాన్ని అరచేతిలో పరిచి, మధ్యలో గింజల ముద్ద పెట్టి, అంచులు మూసి, అచ్చం బొబ్బట్టు తట్టినట్టు తట్టేసింది. హోటలావిడ చప్పట్లు కొట్టింది. అప్పుడే పొయ్యి మీద ఇంకో గిన్నెలో గింజలు వేయించడం కోసం డబ్బాలోంచి తెల్లటి ముద్ద ఒకటి గరిటెతో తీసింది.

"వెన్నా? డాల్డానా?" అంది అత్తగారు నాతో.

"మంతేకా" అంది హోటలావిడ. నాకు తెలియదన్నట్టు చేతులు తిప్పాను. పాపం, ఎలాగైనా చెప్పాలని ఆవిడ వేలితో ముక్కు పైకి నొక్కి, నవ్వుతూ పందిలా గురగురమంది.

దానికి అనువాదం అక్కర్లేకపోయింది. అత్తగారు చేతిలో రొట్టెని మెల్లగా బల్లమీద పెట్టింది. పంపు దగ్గరికి వెళ్ళి చేతులు కడుక్కుంది. మళ్ళీ కడుక్కుంది. నేను దండం పెడుతున్నట్టు చేతులు జోడించి, ఆకాశం వైపు చూపించి, మా దేవుడు ఒప్పుకోడన్నట్టు తల అడ్డంగా ఊపాను. హోటలావిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆవిడ మొహంలో నెత్తురు లేదు. "పెర్దోన్, పెర్దోన్" అంటూ కారు దాకా వెంట వచ్చింది. అత్తగారు తలెత్తి చూడలేదు.

ఇంటికొచ్చి తలస్నానం చేసింది. దేవుడి అర ముందు కూచుంది గానీ దీపం ముట్టుకోలేదు. మర్నాడు సాయంత్రం దాకా మంచినీళ్ళు కూడా తాగలేదు. నాకు ఒళ్ళు మండిపోయింది. చిక్కుడుగింజలు వేయించడానికి పందికొవ్వెందుకు? "ముందే ఒక్క ముక్క చెప్పొచ్చుగా ఆవిడ!" అని అరిచాను.

"ఆవిడకేం తెలుసే? మనకి నెయ్యి ఎలాగో వాళ్ళకి అది అలాగ. పప్పులో నెయ్యి వేశామని మనం ఎవరికన్నా చెప్తామా?" అంది.

అంత న్యాయంగా మాట్లాడిన మనిషి అన్నం మాత్రం మానేసింది. సోమవారం రెండు ముద్దలు, బుధవారానికి ఉత్త మజ్జిగ. పాపని ఎత్తుకుని మెట్లెక్కుతూ మధ్యలో ఆగిపోయి గోడ పట్టుకుంది. ఆ రోజు మా ఆయనకి ఫోన్ చేసి "అత్తయ్య ఇండియా టికెట్ ప్రీపోన్ చేసెయ్. నా ఉద్యోగం పోతే పోయింది, నాకు భయమేస్తోంది" అని ఏడ్చేశాను. చూస్తానన్నాడు.

శనివారం పొద్దున్న నేను పాపకి పాలు పడుతుంటే అత్తగారు బయటికెళ్ళే చీర కట్టుకుని వచ్చింది. చేతిసంచిలో ఇండియా నుంచి తెచ్చుకున్న ఇనప పెనం, వేరుశనగనూనె సీసా.

"కారు తియ్యి. ఆవిడ దగ్గరికి వెళ్దాం."

"అత్తయ్యా, మళ్ళీ అక్కడికా?"

"ఆవిడ మొహం చూశావా ఆ రోజు? వారం నుంచీ కళ్ళల్లోంచి పోవట్లేదు. నేను తినకూడనిది తిన్నాను, స్నానం చేశాను, ఉపవాసం ఉన్నాను, అయిపోయింది. పెట్టిన మనిషి ఏం చేస్తుందే? పాపం, ఆవిడకి ముద్ద దిగుతుందా?"

వారం నుంచి మజ్జిగ మీద బతుకుతున్న మనిషి అంటున్న మాట అది.  కారు తాళాలు తీసుకున్నాను.

మమ్మల్ని చూసి హోటలావిడ ఎదురు రాలేదు. చేతిలో తువ్వాలు నలుపుతూ పొయ్యి దగ్గరే నిలబడిపోయింది. అత్తగారు కౌంటర్ చుట్టూ తిరిగి లోపలికి వెళ్ళింది. సొంత పెనం పొయ్యి మీద పెట్టి, నూనె సీసా ఎత్తి ఆవిడకి చూపించింది. హోటలావిడకి అర్థమైంది. ఉప్పేసి ఉడకబెట్టిన గింజలు, ఇంకా మంతేకా తగలనివి, గిన్నెతో తెచ్చి పక్కన పెట్టింది. అత్తగారు వాటిని నూనెలో వేయించి, మెదిపి, రొట్టెలు తట్టి కాల్చింది. మొదటిది ప్లేట్లో వేసి, హోటలావిడ భుజం నొక్కి స్టూలు మీద కూచోబెట్టింది.

"తిను."

ఆవిడ ముట్టుకోలేదు.

"తిను తల్లీ."

హోటలావిడ ఒక ముక్క తుంచి నోట్లో పెట్టుకుంది. ఏడుస్తూనే నమిలింది. అత్తగారు కదలకుండా పక్కనే నిలబడి, మొత్తం తినిపించి, వద్దంటున్నా ఇంకోటి వేసింది. తర్వాత కొంగుతో చెయ్యి తుడుచుకుని ఎదురుగా ఇంకో స్టూలు లాక్కుని కూచుంది.

"అమ్మాయ్, నాకూ ఒకటి వెయ్యమని చెప్పు. ఆకలేస్తోంది."

వచ్చినప్పటి నుంచీ ఆ మాట ఆవిడ నోట నేను వినలేదు. దాన్ని స్పానిష్‌లో ఏమంటారో నాకు తెలియదు. ఏడుపు ఆపుకోలేక తెలుగులోనే "ఆవిడకి ఆకలేస్తోందంట" అన్నాను. హోటలావిడ అప్పటికే లేచి పిండి చేతిలోకి తీసుకుంది.