పాత ప్యాడ్లకు కొత్త బిల్లు

నలభై రెండేళ్లు వచ్చాక నేను కారు నడపడం నేర్చుకున్నాను. మా ఇల్లు నాగర్‌కర్నూల్లో, నేను పాఠాలు చెప్పే బడి కోడేరు మండలంలోని ఒక ఊళ్లో. నా భర్త ఉద్యోగం గద్వాలలో. సోమవారం పొద్దున వెళ్తే మళ్లీ శనివారం సాయంత్రమే రావడం. నేను బడికి బస్సులో కొంత దూరం, ఆటోలో కొంత దూరం పోవాలి. ఆటో నిండితే గాని కదలదు. ప్రార్థన అయిపోతుండగా గేట్లోంచి లోపలికి నడవాల్సి వచ్చినప్పుడల్లా పిల్లల ముందు తలెత్తలేకపోయేదాన్ని. ఇట్లా కాదని వనపర్తిలో రిటైరైన ఒక గుమాస్తా దగ్గర పాత చిన్న కారు కొన్నాను. డబ్బు నాది, కాగితాల మీద సంతకమూ నాదే. నా భర్తకు మోటార్‌సైకిల్ తప్ప మరొకటి నడపడం రాదు.

కొన్న వారమే వనపర్తిలో ముందు చక్రాలకు కొత్త బ్రేకు ప్యాడ్లు వేయించాను. అక్కడి మెకానిక్ ముసలాయన. నేను పక్కనే నిలబడి చూస్తుంటే విసుక్కోకుండా చెప్పాడు. బ్రేకు తొక్కినప్పుడు చక్రం వెనక తిరిగే ఇనుప పళ్లేన్ని రెండు వైపుల నుంచీ పట్టుకుని ఆపేవి ఈ ప్యాడ్లేనట. ఇంజనాయిల్ ఎట్లా చూడాలో కూడా ఆయనే నేర్పాడు.

రెండు నెలలు బండి బాగా నడిచింది. తర్వాత ఒక సోమవారం బడి నుంచి వస్తుంటే, ఎత్తు ఎక్కే చోట ఇంజను గట్టిగా అరుస్తోంది గాని బండి ముందుకు పోవడం లేదు. ఎట్లాగో మా ఊళ్లోకి తెచ్చి, రోడ్డు మీద మొదట కనిపించిన షెడ్డులో పెట్టాను. షెడ్డు యజమానిది ఇంచుమించు నా వయసే. ఒకసారి స్టార్ట్ చేయించి, చెవి పెట్టి విన్నాడు.

“క్లచ్ ప్లేట్లు అయిపోయినయి మేడం. కూలితో కలిపి ఏడున్నర వేలయితయి. బుధవారం వచ్చి తీస్కపోండ్రి.”

బేరం ఆడకుండా సరేనన్నాను. అంత తొందరగా జబ్బు కనిపెట్టినవాడికి పని వచ్చునని నమ్మకం కలిగింది.

బుధవారం ఒంటిపూట సెలవు పెట్టి వెళ్లాను. చేతికి బిల్లు ఇచ్చాడు. పదహారు వేల రెండు వందలు! క్లచ్‌తో పాటు బ్రేకు ప్యాడ్లు, ఇంజనాయిల్, పై కూలి, అన్నిటికన్నా కింద ‘ఇతరములు’ అని పద్దెనిమిది వందలు.

“ఇదేంది అన్నా? ఏడున్నర అన్నవ్ గద?”

“ఇప్పినంక శాన బయటపడ్డయి మేడం. ప్యాడ్లు ఇనుముకు తగులుతున్నయి. గట్లనే పంపిస్తే మీకే పరేషాన్.”

“నాకు ఫోన్ చేసి అడగాలె గద. ఇతరములంటే ఏంది?”

“గవి గివి ఉంటయి. మీకు చెప్పినా తెల్వదు మేడం. సార్‌ను పంపుండ్రి, సార్‌కు చెప్త.”

“సార్‌కు కారు నడపరాదు. బండి నాది. నాకే చెప్పు.”

అక్కడ బెంచీ మీద కూర్చున్న ఇద్దరు ముగ్గురు నవ్వారు. యజమాని కూడా నవ్వి, తాళంచెవిని టేబుల్ సొరుగులో వేసుకున్నాడు.

బయటికొచ్చి నా భర్తకు ఫోన్ చేశాను. అంతా విని ఆయన అన్న మాట ఇదీ: “ఇచ్చి పారెయ్. ఒక్కదానివే ఉన్నవ్, లొల్లి ఎందుకు?”

“ఒక్కదాన్నే ఉన్ననని గద ఇంత రాసిండు. నేను ఇయ్య,” అని ఫోన్ పెట్టేశాను.

నా సంచిలో అంత డబ్బూ ఉంది. జీతం వచ్చిన వారమే అది. కట్టేసి పోతే పదినిమిషాల్లో ఇంట్లో ఉంటాను. కాని ‘మీకు తెల్వదు’ అనే మాట నన్ను కదలనివ్వలేదు. బ్యాంకులో విన్నాను, పొలం కాగితాల కోసం పోయిన ఆఫీసులో విన్నాను, మా బడిలోనే కంప్యూటర్ వచ్చిన రోజు విన్నాను. విన్న ప్రతిసారీ తల ఊపి వచ్చేశాను. నేను లెక్కలు చెప్పే మనిషిని. ఏ పిల్లవాడైనా జవాబు ఒక్కటే రాసి తెస్తే, ఎట్లా వచ్చిందో చూపించమని పలక తిప్పి పంపుతాను. ఆ మాత్రం ఇతన్ని అడగడానికి నాకేం భయం?

లోపలికి పోయి అడిగాను. “అన్నా, రెండు రోజులల్ల బండి ఎక్కడికన్న పోయిందా?”

“ఏడికీ పోలే మేడం. షెడ్డు దాటలే. ఎవరి బండి పడితే అది తీసి తిరిగేటోళ్లం కాదు మేం,” అన్నాడు కొంచెం గర్వంగానే.

కారు బానెట్ నేనే ఎత్తాను. నూనె కొలిచే పుల్ల బయటికి లాగి, చేతిలో ఉన్న బిల్లు వెనక వైపు తుడిచాను. కాటుకలాంటి నల్లటి మరక పడింది. కొత్తగా పోసిన నూనె తేనె రంగులో ఉంటుందని వనపర్తి ముసలాయన చెప్పి ఉన్నాడు. ఆ కాగితం యజమాని ముందు పెట్టాను.

“ఇది నిన్న పోసిన నూనేనా?”

అతని నవ్వు ఆగింది. “సరే మేడం, టీచర్లు మీరు. రెండు వేలు తగ్గిస్త. ఇగ తీస్కపోండ్రి.”

“తగ్గించమనలే. ముందు చక్రం ఇప్పి ప్యాడ్లు చూపియ్యమంటున్న.”

“చక్రం ఇప్పితే మళ్ల కూలి అయితది.”

“ఇస్త. లోపల కొత్త ప్యాడ్లుంటే నీ పదహారు వేల రెండు వందలు ఇచ్చి, దాని మీద ఈ కూలి గూడ ఇచ్చి, ఇంతమంది ముందల నాదే తప్పని చెప్పి పోత.”

ఆ మాట అన్నాక నాకే అనుమానం వచ్చింది. ఒకవేళ నిజంగానే మార్చి ఉంటే? వనపర్తిలో వేసినవే నాసిరకమై, రెండు నెలలకే అరిగి ఉంటే? అయినా నోరు జారిన మాట వెనక్కి తీసుకోదలచుకోలేదు. యజమాని కదల్లేదు, నేనూ కదల్లేదు.

బెంచీ మీద ఇంతకుముందు నవ్వినవాళ్లలో ఒక పెద్దమనిషి ఉన్నాడు. పెబ్బేరు సంతకు పశువులను తోలే ట్రాలీ బండి ఆయనది. అదీ రిపేరుకే వచ్చింది. ఆయన తువ్వాలు దులిపి లేచి నిలబడ్డాడు.

“ఇప్పి చూపియ్యరాదు, ఏం పోతది? మేం సంతల ఎద్దు నోరు తెరిచి పండ్లు చూడంది పైసలియ్యం. ఆమె అడిగిన దాంట్ల తప్పేముంది?”

యజమాని ఏమీ అనకముందే షెడ్డులో పనిచేసే నెరిసిన జుట్టు మెకానిక్ జాకీ తెచ్చి కారు కింద పెట్టాడు. ముందు చక్రం ఊడింది. అందరం వంగి చూశాం. ప్యాడ్లు దళసరిగానే ఉన్నాయి, కాని వాటి మీదంతా నల్లటి పొడి పేరుకుంది. పట్టి ఉంచే చువ్వలకు మట్టి గట్టిపడి ఉంది. షెడ్డు దాటని బండికి ఒక్క రోజులో అంత మట్టి ఎక్కడిది? రెండు నెలలుగా కోడేరు దారిలో నేను తొక్కిన బ్రేకుల మట్టి అది.

“అన్నా, ఇవి నిన్న ఏసినయేనా?” అని ఆ మెకానిక్‌ను అడిగాను.

ఆయన యజమాని వైపు చూడలేదు. చేతులు గుడ్డకు తుడుచుకుంటూ, “నేను క్లచ్ పని జేసిన మేడం. ఇది నేను ఇప్పలే,” అన్నాడు.

యజమాని బిల్లు చేతిలోకి తీసుకుని, “రాసేటప్పుడు వేరే బండిది కలిసింది మేడం,” అన్నాడు.

“అట్లయితే కొట్టెయ్.”

ప్యాడ్లు కొట్టేశాడు. నూనె కొట్టేశాడు. పెన్ను ‘ఇతరములు’ దగ్గర కాసేపు ఆగింది. నేను చూపు తిప్పలేదు. అదీ, పై కూలీ కూడా కొట్టేసి, ఏడున్నర వేలకు సంతకం పెట్టాడు. పాత క్లచ్ ప్లేటు చూపించమన్నాను. మెకానిక్ మూల నుంచి తెచ్చి చేతికిచ్చాడు. అది నిజంగానే అరిగి నున్నగా అయింది. ఏడున్నర వేలు లెక్కపెట్టి టేబుల్ మీద పెట్టాను.

తాళంచెవి ఇస్తూ యజమాని తల ఎత్తకుండా అన్నాడు. “ఇంకోసారి మా షెడ్డుకు రాకుండ్రి మేడం.”

“రాను. ఈ బిల్లు మాత్రం పారెయ్య.”

నేను కారెక్కుతుంటే వెనక నుంచి ట్రాలీ పెద్దమనిషి గొంతు వినబడింది. “మరి నాది రాసింది గూడ తియ్యి. నా బండిల ఏమేం ఇప్పినవో జర చూద్దాం.”

గొప్పగా బయటికి పోదామనుకున్నాను. కొత్త క్లచ్ కాలికి అలవాటు లేక, షెడ్డు గుమ్మం దగ్గరే బండి ఆగిపోయింది. అందరూ చూస్తున్నారు. మళ్లీ స్టార్ట్ చేశాను. రెండోసారి కదిలింది. రోడ్డెక్కి కొంత దూరం పోయాక గాని నా చేతులు స్టీరింగ్‌ను ఎంత గట్టిగా పట్టుకున్నాయో నాకు తెలియలేదు.

ఆ మెకానిక్‌కు నా వల్ల పని పోతుందేమోనని చాలా రోజులు దిగులుపడ్డాను. అటుగా పోయినప్పుడల్లా బండి నెమ్మది చేసి చూసేదాన్ని. ఉన్నాడు, పనిచేసుకుంటూనే కనిపించాడు. ఆయన వేసిన క్లచ్ ఇప్పటికీ ఇబ్బంది పెట్టలేదు. పని రానివాళ్లు మోసం చేశారంటే సరిపెట్టుకునేదాన్ని. అంత బాగా వచ్చినవాళ్ల షెడ్డులో అట్లాంటి బిల్లు రాయడమే నాకు మరింత కోపం తెప్పించింది.

ఆ వారం శనివారం నా భర్త వచ్చాడు. అన్నం తింటూ అడిగాడు. “ఎంతకు తెంపినవ్ బేరం?”

“బేరం చెయ్యలే. చేసిన పనికి ఇచ్చిన, చెయ్యని పనికి ఇయ్యలే.”

ఆయన ఇంకో ముద్ద కలుపుకున్నాడు. తర్వాత, “బస్టాండుల మనోళ్లు కలిసిండ్రు. షెడ్డోళ్లు లొల్లి టీచరని నీకు పేరు పెట్టిండ్రంట,” అన్నాడు.

“పెట్టనియ్యి,” అని ఆయన కంచంలో ఇంకొంచెం పప్పు వేశాను.