విభాగం పోయాక సత్తెమ్మ పాదం

సహోదరులారా, నా సాక్ష్యాన్ని మీరు చెప్పుకునే తీరు ముందు సరిచేస్తాను, నొచ్చుకోకండి! "మార్తమ్మగారు ఉపవాసముండి ప్రార్థించారండీ, పోయిన ఉద్యోగం దేవుడు తిరిగిచ్చాడు" అంటున్నారు. నా ఉద్యోగం పోనూ లేదు, తిరిగి రానూ లేదు. పోయింది మా కుష్ఠువ్యాధి విభాగం. సైకిలు పడవలో వేసుకుని లంక గ్రామాలన్నీ తిరిగి, మచ్చలు చూసి, స్పర్శ పరీక్షించి, మందులిచ్చిన మమ్మల్ని ఒక్క ఉత్తర్వుతో ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో కలిపేశారు. ఇకమీదట అన్ని జబ్బులూ అందరూ చూడాలట! నా చేతికి పోలియో చుక్కల రిజిస్టర్లు వచ్చాయి.

ఆ అవమానంతో రాయినైపోయాను. రోజూ ఒకటే ప్రార్థన: "ప్రభువా, నా విభాగం నాకిచ్చెయ్యి, వీళ్లకి బుద్ధి చెప్పు." రెండో ముక్క మరీ శ్రద్ధగా ప్రార్థించాను!

ఒక సోమవారం నా పాత పేషెంటు సత్తెమ్మ వచ్చింది. జబ్బు ఎప్పుడో నయమైంది గానీ పాదాలకు స్పర్శ తిరిగి రాలేదు, బొటనవేలి కింద పుండు పడినా తెలియలేదు. ఇదివరకైతే మా ఆఫీసు వసారాలో టబ్బులో కాళ్లు నానబెట్టి, తడి ఆరకముందే కొబ్బరినూనె రాసి కట్టు కట్టేదాన్ని. ఆ రోజు తలెత్తకుండానే, "అది ఇప్పుడు నా పని కాదు, ఓపీ చీటీ రాయించుకో" అన్నాను. ఓపీ వరుసలో జనం ఆమెకు ఎడంగా జరిగారు. చీటీ తీసుకోకుండానే వెళ్లిపోయింది.

మూడు వారాలకు మళ్లీ వచ్చింది, పాదం వాచిపోయి. కొత్త నర్సు పద్మ టబ్బు తెచ్చి, "అక్కా, తిడితే తిట్టండి గానీ ఎలా చెయ్యాలో చెప్పండి, నాకు భయంగా ఉందండీ" అంది. సత్తెమ్మ నవ్వి, "భయపడకే తల్లీ! తిట్లు మీ అక్కగారి దగ్గర తర్వాత నేర్చుకుందువుగాని, ముందు నీళ్లు పొయ్యి" అంది!

మందిరంలో ఎన్నిసార్లు మోకరించానో, నా గర్వం విరిగింది మాత్రం ఆ తడి గచ్చు మీద, సత్తెమ్మ పాదం కడగడానికి మోకరించినప్పుడే. "ప్రభువా, విభాగం నువ్వే ఉంచుకో, ఈ పాదం నాకియ్యి" అన్నాను. డాక్టరుగారి మందులతో పాదం నిలిచింది, బొటనవేలు పోయింది. నిలిచిన పాదానికి మహిమ దేవునిది, పోయిన వేలికి జవాబుదారీ నాది.

ఇప్పుడు ప్రతి సోమవారం మా ఆరోగ్య కేంద్రం వసారాలో టబ్బులు పెడతాం. స్పర్శ పరీక్ష పద్మ నాకంటే బాగా చేస్తుంది, ఆ మాట దానితో అనకండి! మీలో ఎవరికైనా కుర్చీ పోయిందని మనసు గడ్డకట్టి ఉంటే, దాన్ని ప్రభువు చేతిలో పెట్టి చూడండి, ఆయన ఖాళీ చేతులతో పంపడు.

కానీ ఆ ఉత్తర్వు రాసినవాళ్లనూ, నన్నూ, చివరికి దేవుణ్ణీ కూడా నేను ఇంకా అడుగుతూనే ఉన్నాను: చీటీ లేకుండా వెళ్లిపోయిన ఆ మూడు వారాలూ సత్తెమ్మ ఎవరి పేషెంటు?