అత్తయ్య కోసం వచ్చిన పూలదండ

పోయినేడు మైపాడులో మా అత్తయ్య నడిపే చేపల పులుసు హోటల్ మూతపడే స్థితికి వచ్చింది. అప్పుడే ఓ హాస్య సినిమా చూశాం. అందులో హీరో తన హోటల్ ముందు చుట్టాలను క్యూలో నిలబెడితే, అది చూసి జనం ఎగబడతారు. మనమూ అదే చేద్దామన్నాడు మా ఆయన.

ఆదివారం చర్చి అయ్యాక ఇరవై మంది చుట్టాలను తెల్లబట్టల్లోనే తెచ్చి హోటల్ ముందు నిలబెట్టాం. ఎండకు షామియానా వేశాం. నవ్వితే నాటకం బయటపడుతుందని అందరినీ నోరు మెదపొద్దన్నాను.

పావుగంటలో వీధంతా వచ్చింది. పాస్టరుగారు బైబిలుతో, పక్కింటి ఖాదర్ అన్న పూలదండతో.

"అత్తమ్మ ఎప్పుడు పోయిందమ్మా?" అన్నాడు అన్న, కళ్లు తుడుచుకుంటూ.

అంతలో అత్తయ్యే గరిటెతో బయటికొచ్చి, దండను చూసింది.

"నేను బాగానే ఉండాను ఖాదరూ. చావుబతుకుల్లో ఉండేది హోటలే. వచ్చినోళ్లంతా కూర్చోండి, పులుసు వేడిగా ఉండాది."

మొహమాటానికి ఒక్కరూ లేచి వెళ్లలేదు. గిన్నెలు ఖాళీ అయ్యాయి. రుచి తెలిశాక మళ్లీ మళ్లీ వచ్చారు, హోటల్ నిలబడింది.

బతికుండగానే తన పరామర్శకు ఎవరొస్తారో చూసుకున్న అదృష్టం మా అత్తయ్యది. ఆరోజు రానివాళ్లు కూడా ఆమెకు గుర్తున్నారు. వాళ్లకు ఇప్పటికీ ఒక ముక్క తక్కువే వేస్తుంది.

— ఎస్తేరు, మైపాడు