జిప్‌లాక్ తాయెత్తు

ఇరవై నాలుగేళ్ల వయసున్న ఆ రోజుల్లో, లోకంలోని మూఢనమ్మకాలన్నిటికీ నా దగ్గర జవాబుండేది. ఇప్పుడు ప్రశ్న వినే ఓపిక కూడా లేదు. కమ్మింగ్‌లో ఇల్లు కొనుక్కున్న పాపానికి (పాపపుణ్యాలను నేను నమ్మను, కానీ వేరే మాట దొరకలేదు) వచ్చిన ప్రతి చుట్టానికీ హెలెన్ అనే ఊరు తీసుకెళ్లి చూపించడం నా విధి (దాన్నీ నమ్మను) అయిపోయింది. జార్జియా రాష్ట్రపు కొండల మధ్య ఎర్ర కప్పులూ, చెక్క బాల్కనీలూ, బొమ్మలేసిన గోడలూ పెట్టి ఆల్ప్స్ వేషం కట్టిన ఊరది. వేషమని అందరికీ తెలుసు. అయినా పార్కింగ్ కోసం పావుగంట తిరిగి మరీ నమ్ముతారు. ఎన్నోసారో లెక్క మానేశాను కానీ, మొన్న మళ్లీ వెళ్లాను. చుట్టాలు ఫోటోలు దిగుతుంటే, మోకాళ్లు లాగి వంతెన కమ్మీకి ఆనుకున్నాను. కింద నదిలో గాలి ట్యూబుల్లో కూర్చుని కేకలేస్తూ పోతున్నవాళ్లను చూస్తే నా మొదటి ప్రయాణం గుర్తొచ్చింది.

మాస్టర్స్ అప్పుడే పూర్తయింది. సోమవారం మొదటి ఉద్యోగంలో చేరాలి. శనివారం నా రూమ్మేట్ తన పాత కారులో హెలెన్ బయలుదేరదీశాడు. కరీంనగర్ మనిషి, నాకన్నా మూడేళ్లు పెద్ద, అందుకని అన్న. అన్న దండకు వాళ్లమ్మ కట్టిన తాయెత్తు ఉండేది. కాలేజీ చర్చావేదికల్లో మైకు వదలని నాకు ఆ నల్లదారం కనబడితే చాలు, పూనకం వచ్చేది (దాన్నీ నమ్మను). ఆ రోజూ దారి పొడుగునా దంచాను.

"ఇంత రాగి ముక్క యాక్సిడెంట్ ఆపుతుందా అన్నా? రుజువేంటి?"

"గంట సేపటి సంది నువ్వు లొల్లి వెడుతున్నా నాకు కోపం రాలే జూడు, గదే రుజువు. అయినా ఉంటే తప్పేంది తమ్మీ?"

"'ఉంటే తప్పేంటి' అనే మాటే మూఢనమ్మకాలన్నిటికీ తల్లి!" అని తీర్పు చెప్పాను.

నది ఒడ్డున ట్యూబు ఎక్కబోతుంటే అన్న నా పొట్ట వైపు చూశాడు. "గదేంది, బనీను కింద?"

"ఒరిజినల్స్. పాస్‌పోర్ట్, వీసాకి కాలేజీ ఇచ్చిన ఐ-ట్వంటీ, వర్క్ పర్మిట్ కార్డు. నీళ్లు దూరకుండా రెండు జిప్‌లాక్ సంచుల్లో పెట్టి, తాడుతో నడుముకు కట్టాను."

"నీళ్లల్లకా? నీకేమన్న పిచ్చా! కార్ల వెట్టిరా పో."

"అద్దం పగలగొట్టి ఎత్తుకెళితే? సోమవారం ఆఫీసులో అవి చూపించకపోతే చేర్చుకోరు."

"మరి రూమ్‌ల ఉంచక పోయినవా?"

"అపార్ట్‌మెంట్ తగలబడితే?"

అన్న చాలాసేపు నవ్వాడు. "నాది దండకు, నీది కడుపుకు. అంతే గదా."

"దీనికి గవర్నమెంట్ ముద్ర ఉంది!"

"దీనికి ఆంజనేయసామి ముద్ర ఉంది, పద."

నిజానికి, కాగితాలు ఒంటి మీద నుంచి దించకూడదని ఈ దేశంలో దిగిన మొదటి వారంలోనే ఓ సీనియర్ చెప్పాడు. ఆయనకు ఇంకో సీనియర్ చెప్పాడట. రుజువేంటని నేను ఒక్కసారీ అడగలేదు.

సగం దూరంలో నా ట్యూబు బండరాయి మీద ఆగింది. నడుం ఊపి కదిలించబోయాను. తాడు వదులై సంచి జారింది; లోపల గాలి మిగిలిన నా భవిష్యత్తు నాకన్నా హుందాగా తేలుతూ సాగిపోయింది. లేచి అడుగు వేశాను, నాచు మీద జారి కూలబడ్డాను. ఆ క్షణంలో నేను దేవుణ్ణి పిలవలేదు. ఇది మాత్రం చరిత్రలో నమోదు కావాలి. "అన్నా!" అని అరిచాను.

దిగువన ఉన్న అన్న, ఈత రాని అన్న, ట్యూబులోంచి దొర్లి నడుం లోతు నీళ్లలో పడి, ఒరిగిన చెట్టుకొమ్మల్లోకి చెయ్యి జొనిపి సంచి పట్టుకున్నాడు. కాగితాలు పొడిగా ఉన్నాయి. గీరుకుపోయిన ఆ చేతికి తాయెత్తు లేదు.

"పోయింది," అన్నాడు దండ తడుముకుంటూ, మెల్లగా.

ఏడాదిగా ఆ దారం ఎప్పుడు తెగుతుందా అని ఎదురుచూసినవాణ్ణి. కానీ గెలిచినట్టు అనిపించలేదు. కొమ్మల కింద వంగి, రాళ్ల సందుల్లో వేళ్లు పెట్టి వెతకడం మొదలుపెట్టాను. (ఎవరైనా అడిగితే నదిలో లోహం వదలకూడదని చెబుదామనుకున్నాను.) వేళ్లు కొయ్యబారాయి.

"ఇడిసెయ్ తమ్మీ. అమ్మకు చెప్తే ఇంకోటి పంపుతది. నీ కాగితాలు ఎవడు పంపుతడు?"

దొరకలేదు. సోమవారం ఉద్యోగంలో చేరాను. తాయెత్తు మీద మళ్లీ ఉపన్యాసం ఇవ్వలేదు. అన్న ఇప్పుడు వేరే రాష్ట్రంలో, హెర్న్‌డన్‌లో ఉన్నాడు.

మొన్న వంతెన మీద చెమట తుడుచుకుందామని జేబురుమాలు లాగితే, దాంతోపాటు జిప్‌లాక్ కింద పడింది. మా అమ్మాయి తీసి చూసింది. లోపల పాస్‌పోర్ట్ జిరాక్సు.

"నాన్నా, మనం సిటిజన్స్ కదా! ఇది ఎందుకు తెస్తావ్ ఎవ్రీటైమ్? ఎవరూ అడగరు కదా?"

రుజువులతో వాదించే ఓపిక లేదు.

"ఉంటే తప్పేంటమ్మా," అని జేబులో పెట్టుకున్నాను.