నాయనమ్మ వాము డబ్బా

మా చిన్నప్పుడు... ముదినేపల్లి పక్కన మా ఊరు. ఎనిమిదో తరగతికి హైస్కూల్ దూరం కాబట్టి నాకు సైకిల్ కావాలి. నాన్నేమో "సార్వా ధాన్యం అమ్మాక కొంటాలేవే" అనేవారు. అంటే అందాకా నడకే! అన్నం మానేసి అలిగాను... ఒక్క పూటే లెండి, రాత్రికి చేపల పులుసు వాసనకి లొంగిపోయాను.

చివరికి నాన్నే కరిగి, పక్కింటి సుబ్బలక్ష్మి పిన్ని దగ్గర అప్పు తెచ్చారు. నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీ. "ఈ వడ్డీకి కొత్తదెక్కడ కొంటాం, పాత సైకిల్ చాలు" అని తేల్చేశారు. నా మొహం మాడిపోయింది.

ఆ నోట్లు బీరువాలో పెట్టమని నాకిచ్చారు. ఎందుకో వాసన చూశాను... ఘాటుగా వాము!

"నాన్నారూ, ఈ నోట్లు నాయనమ్మ డబ్బా వాసనొస్తున్నాయండీ!"

వాకిట్లో చింతపండు గింజలు తీస్తున్న నాయనమ్మ తలెత్తలేదు. ఆవిడ దాచుకున్న డబ్బంతా వాము డబ్బాలోనే ఉండేది మరి. నాన్న గుచ్చి అడిగితే సంగతి బయటపడింది. ఆవిడ రూపాయి వడ్డీకి పిన్నికిచ్చింది. పిన్ని అదే డబ్బు నాన్నకి రెండు రూపాయలకి ఇచ్చింది. మా డబ్బు గోడ దాటి వెళ్లి, రెట్టింపు వడ్డీతో మా ఇంటికే వచ్చింది!

"అదేదో నాకే ఇవ్వొచ్చు కదమ్మా?" అన్నారు నాన్న.

"కొడుక్కిస్తే వడ్డీ ఎవడిస్తాడ్రా? అసలుకే దిక్కుండదు!" అంది నాయనమ్మ.

అమ్మ కొంగు అడ్డం పెట్టుకుని ఒకటే నవ్వు. పిన్ని కూడా గోడ మీంచి నవ్వేసింది. అక్కడికక్కడే బేరం కుదిరింది. పిన్ని అప్పు రద్దు. నాయనమ్మే నాన్నకి రూపాయిన్నరకి ఇస్తుంది. ఆవిడకి అర్ధరూపాయి ఎక్కువ, నాన్నకి అర్ధరూపాయి తక్కువ.

"మరి నాకేంటండీ అత్తయ్యగారూ?" అంది పిన్ని. ఆ పూట ఆవిడకి మా ఇంట్లోనే భోజనం!

వడ్డీ తగ్గేసరికి నాన్న మనసు పెద్దదైంది. ఏలూరు వెళ్లి, ముందు బుట్ట ఉన్న కొత్త సైకిలే కొన్నారు. నాన్న వడ్డీ ఇచ్చిన ప్రతి నెలా నాయనమ్మ నాకు జీళ్లు కొనిపెట్టేది.

మొన్న బ్యాంకులో ఉన్న నా డిపాజిట్ కదపకుండా, దానికొచ్చే వడ్డీ కంటే ఎక్కువ వడ్డీకి అదే బ్యాంకు దగ్గర ఫోన్‌లోనే అప్పు తీసుకుని ఫ్రిజ్ కొన్నాను. ఇదీ గోడ దాటి తిరిగొచ్చిన నా డబ్బేనేమో అని నవ్వొచ్చింది. ఫోన్ ముక్కు దగ్గర పెట్టుకుని చూశాను కూడా... ఏ వాసనా లేదు. నాయనమ్మ ఉంటే ఎంత బావుండేదో...

మీ ఇంట్లో డబ్బు ఎక్కడ దాచేవారండీ... దానికి ఏ వాసన వచ్చేది?