తెలిసే తిన్న మామిడికాయ

మొన్న రైతు బజారులో మా కోడలు పప్పులోకి నాలుగు పచ్చి మామిడికాయలు ఏరుతుంటే నేను సంచి మడిచి చంకలో పెట్టుకుని పక్కకు జరిగాను. అత్తయ్యకు అడవి నుంచి ఇంకా పర్మిషన్ రాలేదని కోడలు నవ్వింది. నవ్వనివ్వండి. కొత్త ఉద్యోగంలో ముక్కూ మొహం తెలియని ఊళ్లో ఒంటరిగా బతికిన నా ఈడువాళ్లు మాత్రం నవ్వరని నా నమ్మకం.

ఎనభైల తొలి రోజుల మాట. మధిర దగ్గర వ్యవసాయం చేసుకునే కుటుంబం మాది. ములకలపల్లి దాటాక బస్సు దిగి, వాగు వెంట గంటన్నర నడిస్తే వచ్చే కోయ గూడెంలో ఒకే టీచరున్న బడికి నన్ను వేశారు. ఆడపిల్ల ఆ అడవిలో ఏం నిలుస్తుంది, నెల తిరక్కుండా పెట్టె సర్దుకుని వస్తుందని మా నాన్న ఊరంతా చెప్పుకున్నాడు. ఆయన మాట నెగ్గకూడదన్న పంతం ఒక్కటే ఆ మొదటి ఏడాది నన్ను అక్కడ కూర్చోబెట్టిందంటే అబద్ధం కాదు.

నేను కిరాయికి ఉన్న గుడిసెకూ పక్కింటి అవ్వ గుడిసెకూ పెరడు ఒకటే. అవ్వ గూడెంలోకెల్లా పెద్దది, నోట్లో ఒక్క పన్ను లేదు. ఆ ఎండాకాలం నాకు మలేరియా పట్టి వారం రోజులు మంచం దిగనప్పుడు పూట పూటకూ జావ కాచి తెచ్చి, తాగేదాకా ఎదురుగా కూర్చునేది. జ్వరం తగ్గింది గానీ నోరు చేదెక్కిపోయింది. బడి వెనక చెట్టుకు కాయలు గుత్తులుగా వేలాడుతున్నాయి. ఆ గూడెంలో కొత్తల పండుగ చేసి, అమ్మవారికి పెట్టి, అందరికీ పంచేదాకా కొత్త మామిడికాయ ఎవరూ నోట పెట్టరు. ఆ సంగతి నాకు తెలుసు, పిల్లలు ముందే చెప్పారు. అయినా ఒక మధ్యాహ్నం, ఒంటిపూట బడి వదిలాక, రెండు కాయలు కోసి మా అమ్మ చేసినట్టే పప్పు వండుకుని కడుపారా తిన్నాను. తొక్కలూ టెంకలూ పెరట్లో గుంట తీసి పూడ్చి, నా తెలివికి నేనే మురిసిపోయాను.

కోళ్లకు నా తెలివితో పనేముంది? మర్నాడు పొద్దున్నే గుంట గెలికి అన్నీ బయటపెట్టాయి. పెరడు ఇద్దరిదీ కాబట్టి ఊరిపెద్ద ఇద్దరినీ పిలిపించాడు. కొత్తల పండుగలో తొలికాయ ముట్టి పంచే చెయ్యి అవ్వది, ముప్పై ఏళ్లుగా. పండుగకు ముందే కాయ తిన్న మనిషికి ఆ పని ఇవ్వరు. నా సంగతి బయటపడితే ఆ ఊళ్లో నా మొహం చూసి పిల్లల్ని పంపేవాళ్లుండరు, మా నాన్న మాటే నెగ్గుతుంది. నేను నోరు విప్పేలోగా అవ్వ ముందుకు జరిగింది.

"నేనే తిన్న. పానం గుంజింది, తిన్న" అంది.

ఊరిపెద్ద ఆమెను ఎగాదిగా చూశాడు. "నోట్ల ఒక్క పన్ను లేదు, ఏంతోని కొరికినవే అక్కా?" అన్నాడు. కొందరు నవ్వారు. అవ్వ నవ్వలేదు. ఉడకబెట్టుకు తిన్నానని మొండికేసింది. నాకు జావ పోసిన చెయ్యి నా తప్పు కూడా మోస్తుంటే ఇక కూర్చోలేకపోయాను. లేచి, తిన్నది నేనని, అవ్వకు సంబంధం లేదని చెప్పాను.

అప్పుడు ఊరిపెద్ద చాలా మెల్లగా, "పండుగ సంగతి నీకు ఎరుక లేకుండె గదా టీచరమ్మా?" అన్నాడు.

నేను తప్పించుకోవడానికి తలుపు తీసి పట్టుకున్నాడు ఆ పెద్దమనిషి. లేదు అంటే చాలు, బయటి ఊరి పిల్ల, తెలియక చేసిందని వదిలేస్తారు. ఆ రెండక్షరాలు నాలుక చివరిదాకా వచ్చాయి. అవ్వ వైపు చూశాను. "ఎరుకే. తెలిసే తిన్నాను" అన్నాను.

కాసేపు వాళ్లలో వాళ్లు కోయలో మాట్లాడుకున్నారు. పండుగ జరిగే చోటంతా నేనే ఊడ్చి అలకాలని, అందరూ తిన్నాక చివరి కాయ తినాలని తీర్పు చెప్పారు. అంతే. నడుము విరిగేలా అలికాను గానీ అంత సంతోషంగా ఏ పనీ చేయలేదు. పండుగనాడు డోలు మోగుతుంటే అవ్వ తన చోట తాను నిలబడి తొలికాయ పంచింది. చివరికి నా వంతు వచ్చేసరికి పమిట కొంగులోంచి ఒక కాయ తీసింది. అన్నిటికన్నా పెద్దది, దాచి ఉంచింది. గూడెమంతా చూస్తుండగా కొరికాను, పులుపుకు కళ్లు మూసుకుపోయాయి, జనం ఒక్కసారిగా కేకలు పెట్టారు. నా జీవితంలో ఏ సన్మానంలోనూ నేను అంత గర్వపడలేదు.

జూన్‌లో బడి తెరిచిన రోజు, అంతకు ముందు ఏడాదంతా ఒక్క పిల్లనూ పంపని ఊరిపెద్ద తన మనవళ్లనూ మనవరాళ్లనూ వెంటేసుకుని వచ్చాడు. "లెక్కలు ఎట్లన్న జెప్పు గని, నువ్వు ఆనాడు అన్న మాట అట్లనే అనుడు నేర్పు వీళ్లకు" అన్నాడు. నేను నెలకే తిరిగి వస్తాననుకున్న మా నాన్నకు పదకొండేళ్లు ఎదురుచూపే మిగిలింది.

అవ్వ పోయి చాలా కాలమైంది. ఇప్పుడు ఆ గూడేనికి రోడ్డు పడింది, ఇక్కడి బజారులో కాయలు ఎక్కడివో లారీల్లో కాలం కాకముందే దిగుతున్నాయి, ఎవరూ దేనికోసమూ ఆగడం లేదు. ఆఫీసుల్లోనూ ఇళ్లలోనూ 'నాకు తెలియదండీ' అన్న మాట ఎంత సులువుగా వినిపిస్తోందో చూస్తున్నాను. నేనే నేర్పిన పిల్లల్లో ఎందరికి 'తెలిసే చేశాను' అన్న ఆ రెండో మాట గుర్తుందో, అడిగే ధైర్యం నాకు లేదు.

కానీ అవ్వ మనవరాలు ఇప్పుడు అదే బడిలో టీచరు. నిన్న సాయంత్రం ఫోన్ చేసింది. "పండుగ అయింది టీచరమ్మా, ఇగ తినుండ్రి" అని. ఈ పొద్దున కోడలి కన్నా ముందే లేచి, సంచి తీసుకుని బజారుకు బయల్దేరాను.